జంజిబార్‌లో దిగిన మారయ్య

మా మారయ్య మామ జీవితంలో ఒకే ఒక్క రోజు జంజిబార్ దీవిలో దిగాడు. మిగిలిన జీవితమంతా ఆ రోజు గురించి చెప్పడానికే పెట్టుకున్నాడు. మీరు ఏ మాటైనా ఎత్తండి, ఎండలంటారా, ఎడ్లంటారా, కొత్తల్లుడి అలకంటారా, మూడో మాటకల్లా ఆయన జంజిబార్‌లో దిగేవాడు.

దిగిన మాట అబద్ధం కాదు. చిట్యాల దగ్గరి మా ఊళ్ళో వానాకాలపు వాగే పెద్ద నీళ్ళనుకునే రోజుల్లో ఆయన కూలికని బొంబాయి పోయాడు. అక్కడ దొరలు షికారుకెళ్ళే పొగ ఓడలో బొగ్గు వేసే పనిలో చేరాడు. ఓడ జంజిబార్‌లో ఒక రోజు ఆగింది. దొరలతోపాటు పనివాళ్ళనీ ఒడ్డుకు పోయి రమ్మన్నారు. తర్వాత ఆ పొగ పడక ఊరికి తిరిగొచ్చి కందులు పండించుకున్నాడు. పేరు మాత్రం ఓడ మారయ్యగానే స్థిరపడింది.

ఎవరైనా పనిమీద వచ్చి, "వదినా, మారయ్యన్న ఉన్నడా?" అంటే గోపమ్మత్త వాకిలి ఊడుస్తూనే జవాబు చెప్పేది.

"ఉన్నడు గని, దిగిండు. ఎక్కినంక రా."

ఒకసారి బుచ్చయ్య ఎద్దు తప్పిపోయింది. వెతుక్కుంటూ వచ్చి పొరపాటున మారయ్యను అడిగాడు.

"మామా, నా ఎర్రెద్దు గిటు వచ్చిందా?"

"కూసో. జంజిబార్ల ఎడ్లు తక్కువ బుచ్చయ్యా. అంత గాడిదలే."

"నా ఎద్దు సంగతి చెప్పు మామా."

"గదే చెప్తున్న. గాడిదల మీద లవంగాల మూటలు. ఊరు ఊరంత లవంగాల వాసన. గట్టిగ ఊపిరి పీలిస్తె పంటినొప్పి పోతది."

బుచ్చయ్య పొద్దు నడినెత్తికొచ్చేదాకా కదల్లేదు. ఈలోగా ఎద్దు తనంతట తనే ఇంటికి చేరింది. మారయ్య ఆ ఘనత కూడా జంజిబార్‌కే కట్టబెట్టాడు.

ఆ ఒక్క రోజులో ఆయన సుల్తాను ఇంట పెళ్ళిభోజనం చేశాడు. చేపల వేటకు పోయాడు. అంటుకున్న గుడిసె ఆర్పాడు. అన్నదమ్ముల తగువు తీర్చాడు. ఒక అరబ్బు షావుకారు కూతురికి బిక్షమ్మ అని పేరు పెట్టి వచ్చాడు.

"గిదంత ఒక్క దినంలనేనా?" అని బుచ్చయ్య నిలదీశాడు.

"ఆడ పొద్దు జర పెద్దగుంటది," అన్నాడు మారయ్య తడుముకోకుండా.

విచిత్రమేమిటంటే అంత పెద్ద రోజుకీ సాయంత్రం లేదు. కథలో పొద్దు వాలుతోందనగానే ఆయన తువ్వాల దులుపుకుని లేచేవాడు. సాయంత్రం ఏమైంది మామా అని అడిగితే, బర్రెకు నీళ్ళు పెట్టాలె అనేవాడు.

ఆ రోజులు కబుర్లకు పనికొచ్చే రోజులు కావు. రజాకార్ల పీడ వదిలిందనుకునేలోపే కమ్యూనిస్టుల సంఘం వాళ్ళ కోసం యూనియన్ మిలిటరీ ఊళ్ళు గాలించడం మొదలుపెట్టింది. జనం అరుగుల మీద కూర్చోవడం మానేశారు. పక్కింటివాడిని పలకరించాలన్నా అటూ ఇటూ చూసేవారు. నాకప్పుడు ఇరవయ్యేళ్ళుంటాయి. అమ్మా నాయినా కలరాలో పోయారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక నా పేరు నాకే కొత్తగా వినిపించేది. ఊరంతా నోరు మూసుకున్న ఆ రోజుల్లో మా ఇంటి దడి అవతలి నుంచి మారయ్య గొంతు ఒక్కటే వచ్చేది. మనుషులు రాకపోతే ఆయన బర్రెకే చెప్పుకునేవాడు. బర్రె సాయంత్రం ఏమైందని అడగదు కాబట్టి వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది.

ఒకరోజు పొద్దున్నే మిలిటరీ లారీలొచ్చి మా వాడకట్టు మగవాళ్ళనందర్నీ తీసుకుపోయి పాత లెవీ ధాన్యం గోదాంలో కుక్కేశాయి. వాళ్ళు వెతుకుతున్న దళం మనిషి పేరు రఘుపతి. నా పేరూ రఘుపతే.

ఒక్కొక్కరినే బల్ల ముందుకు పిలిచారు. మారయ్య వంతు వచ్చింది. ఆఫీసరు హిందీలో అడిగినదాన్ని దుబాసీ తెలుగులో అడిగాడు.

"ఊరు దాటి ఎక్కడికెళ్ళావు?"

"జంజిబార్."

"అది ఏ తాలూకా?"

"తాలూకా గాదు దొరా. దీవి. సంద్రం నడుమ."

"అక్కడ ఎవరెవరిని కలిశావు?"

ఆ ప్రశ్న ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. మారయ్య మొహం వెలిగిపోయింది. మేమంతా తలలు పట్టుకున్నాం. సుల్తానుతో మొదలుపెట్టి ఆయన బిక్షమ్మ దగ్గరికి వచ్చేసరికి దుబాసీ గొంతు బొంగురుపోయింది. ఆఫీసరు కలం మూసేశాడు.

"ఈ ముసలాణ్ణి ముందు పంపించెయ్యండి," అన్నాడు దుబాసీ తన తరఫునే.

మర్నాటికి మిగతావాళ్ళనూ వదిలేశారు. నన్ను మాత్రం ఉంచారు. దళం మనిషిని ఎరిగినవాడు నల్లగొండ నుంచి వచ్చి, నేను వాణ్ణో కాదో చెప్పేదాకా కదలడానికి లేదన్నారు. వాణ్ణేనని చెప్తే ఏమవుతుందో నేను అడగలేదు. లారీ ఎక్కినవాళ్ళు కొందరు మళ్ళీ కనబడలేదని అందరిలాగే నేనూ విన్నాను. అందరి కోసం గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడ్డారు. నాకోసం నిలబడేవాళ్ళు లేరు. ఆ ఖాళీ గోదాంలో గోడకానుకుని కూర్చున్నాను. నేను చచ్చినా ఎవరూ అడగరని అనిపించింది.

కిటికీ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఇంటున్నవా అల్లుడా? గాడిదల కాడ ఆగినం గద."

లేచి చూశాను. ఎండలో, గోడవారన, మారయ్య మామ.

"నిన్ను విడిచిపెట్టిండ్రు గద మామా. ఇంటికి పో."

"ఎట్ల పోత? కథల ఇంక పగటి అన్నం గూడ కాలే."

తుపాకి సిపాయి వచ్చి తరిమాడు. మారయ్య గోదాం చుట్టూ తిరిగొచ్చి అవతలి కిటికీ దగ్గర తేలాడు. సిపాయి అటు పోతే మళ్ళీ ఇటు వచ్చాడు. తిరిగి తిరిగి సిపాయికే కాళ్ళు నొప్పెట్టి ఊరుకున్నాడు. పొద్దుగూకితే తరిమేసేవారు. తెల్లారగానే కిటికీ కింద దగ్గు వినిపించేది. గోపమ్మత్త జొన్నరొట్టెలు తెచ్చి చువ్వల్లోంచి అందించేది.

"దిగిండు బిడ్డా. ఎక్కెదాక ఇంటికి రాడు. నువ్వు తిను."

వాళ్ళ చేను కోతకొచ్చి ఉంది. ఆ సంగతి ఇద్దరూ నా దగ్గర ఎత్తలేదు.

చివరికి నల్లగొండ మనిషి వచ్చాడు. నన్ను వెలుగులో నిలబెట్టి పైకీ కిందికీ చూశాడు. వీడు కాదు అన్నాడు. గేటు తీశారు. మారయ్య వచ్చి జబ్బ పట్టుకుని బయటికి నడిపించాడు.

ముగ్గురం ఊరి దారి పట్టాం. గోపమ్మత్త ముందు నడుస్తోంది.

"మామా, గిప్పుడన్న చెప్పు. సాయంత్రం ఏమైంది?"

ఆయన ఈసారి బర్రె మాట ఎత్తలేదు.

"సాయంత్రం చెప్పాల్నంటె పొద్దటి సంది నిజం చెప్పాలె అల్లుడా. కూత పెట్టంగనె ఓడ పోతది, రానోడు గీడనే ఉంటడు అని మేస్త్రి భయపెట్టిండు. అందరు జంటలు జంటలుగ ఊర్లెకు పోయిండ్రు. మన దిక్కోడు ఒక్కడు లేడు. నేను ఒడ్డున రాయి మీద కూసున్న. ఓడ మీదికెల్లి చూపు తియ్యలే."

"ఎంతసేపు?"

"కూత పెట్టెదాక. పలకరించినోడు లేడు. పొద్దు పోక, ఊర్లె ఏముంటదో అన్ని గాడనే అల్లుకున్న. లవంగాల వాసన ఒక్కటి నిజం. గాలికి వచ్చింది."

"సుల్తాను?"

"చూడలే."

"బిక్షమ్మ?"

"నేనే పుట్టించిన." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "గోదాంల నిన్నొక్కణ్ణి చూస్తె గా రాయి యాదికొచ్చింది. గట్ల ఎవ్వడు కూసోవద్దు."

నాకు ఏడుపొచ్చింది. దారి పొడుగునా ఆయన పక్కనే నడిచాను.

కొన్నాళ్ళకు భయం కాస్త సడలి మనుషులు మళ్ళీ అరుగుల మీదికి చేరారు. ఓ పొద్దున బుచ్చయ్య ఏదో వానల మాట ఎత్తాడు. మూడో మాటకు మారయ్య మామ దిగాడు. నేను అప్పుడే అటు వెళ్తున్నాను.

"ఓడ ఆగింది. నేను, రఘుపతి దిగినం."

బుచ్చయ్య నోరు తెరిచాడు. "గప్పటికి ఈయన పుట్టిండా మామా?"

అరుగు మీదివాళ్ళంతా నా వైపు తిరిగారు. మారయ్య ఒక్కడే చూడలేదు. తువ్వాల మడత పెట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడత పెట్టుకుంటున్నాడు.

"నాకిచ్చిన కొబ్బరిబోండం జర ఉప్పగుండె," అన్నాను.

మారయ్య పక్కకు జరిగి నాకు జాగా ఇచ్చాడు.

"ముదురుది వొద్దంటె ఇన్నవా మరి?" అని కోప్పడ్డాడు.

ఆ రోజు కథలో మొదటిసారి పొద్దు గూకింది. ఓడ కూత పెట్టింది. ఇద్దరం పరుగెత్తి ఎక్కేశాం. బుచ్చయ్య ఎవరిని నమ్మాలో తెలియక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

లోపలి నుంచి గోపమ్మత్త తొంగిచూసింది.

"ఎక్కిండ్రా? అయితె కాళ్ళు కడుక్కోండ్రి. ఇద్దరికి అన్నం పెడ్త."