అమ్మ బొమ్మకు ఒక్కటే ముఖం

2012లో నేను చిక్కడపల్లిలో ఒక చిన్న గేమ్ కంపెనీలో స్క్రిప్ట్ రైటర్‌గా పనిచేసేదాన్ని. కింద మిఠాయి దుకాణం, పైన మా ఆఫీసు. పొద్దున్నే మేం కంప్యూటర్లు ఆన్ చేసే వేళకు కింద జిలేబీల మూకుడు పొయ్యి మీదికి ఎక్కేది. డిగ్రీ అయ్యి, పెళ్లయ్యి, పాప పుట్టాక వెతుక్కున్న ఉద్యోగం అది. గేమ్‌లకు కథ రాసేవాళ్లు కూడా ఉంటారా అని మా బంధువులు అప్పుడూ అడిగేవారు, ఇప్పుడూ అడుగుతున్నారు. అందుకని పని సంగతి ముందు కాస్త చెప్తాను.

మాకు ఆ ఏడు వచ్చిన పని ఒక విజువల్ నావెల్. అంటే బొమ్మలతో నడిచే కథ. తెర మీద పాత్రల బొమ్మలు కనిపిస్తాయి, కింద వాళ్ల మాటలు వస్తాయి. అక్కడక్కడ కథ ఆగి, ఇప్పుడేం చేస్తావని ఆడేవాళ్లను అడుగుతుంది. రెండు మూడు చాయిస్‌లు ఇస్తుంది. ఎంచుకున్నదాన్ని బట్టి కథ ఒక దారి పడుతుంది. ఆ దారినే రూట్ అంటారు. కథానాయికకు ఒక అబ్బాయితో పరిచయం, స్నేహం, ఇష్టం పెరిగే దారి రొమాన్స్ రూట్. తప్పు చాయిస్‌లు పడితే కథ మధ్యలోనే ముగిసిపోతుంది. దాన్ని బ్యాడ్ ఎండింగ్ అంటాం.

మా కథానాయిక కీర్తన. నారాయణగూడలో ఇంటర్ చదివే అమ్మాయి. ఆడేవాళ్లు కీర్తన స్థానంలో ఉండి చాయిస్‌లు ఎంచుకోవాలి. ఆమె చుట్టూ ముగ్గురు అబ్బాయిలు, మూడు రూట్లు. క్లయింట్ పంపిన జపాన్ గేమ్‌ల నమూనాల్లో పిల్లలు స్కూలు మేడ మీద కూర్చుని కలిసి అన్నం తింటారు, సాయంత్రాలు క్లబ్బుల్లో పాటలు పాడుకుంటారు. నారాయణగూడలో అవేవీ కుదరవు. అబ్బాయిల సెక్షన్లు వేరు, అమ్మాయిల సెక్షన్లు వేరు, మెట్లు కూడా వేరు. గేటు దగ్గర లెక్చరర్ నిలబడి ఉంటాడు. వీళ్లు అసలు ఎక్కడ మాట్లాడుకుంటారన్నదే మొదటి చిక్కు. బొమ్మలు గీసే ఇమ్రాన్ తల పట్టుకున్నాడు.

"అక్కా, ఇద్దరు ఒక్క బ్యాక్‌గ్రౌండ్‌ల నిలబడకపోతే రొమాన్స్ ఎట్ల అయితది? నేను గోడకు ఇటు ఒకర్ని అటు ఒకర్ని గీయాల్నా?"

చివరికి బస్టాపు, జిరాక్స్ షాపు, చిక్కడపల్లి లైబ్రరీ మెట్లు తీసుకున్నాం. జిరాక్స్ షాపు యజమాని కొడుకు అరవింద్ రూట్ ముందు రాశాను. రాసినవి చదువుకుంటే మాటలు సినిమా మాటల్లా ఉన్నాయి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ వయసు పాత్రకు మాటలు రాస్తామో, ఆ వయసు మనిషి చేత వాటిని పైకి చదివిస్తాం. రాసినప్పుడు బాగున్న మాట నోట్లో పలికేసరికి ఎక్కడ బిగుసుకుపోతుందో అప్పుడు తెలుస్తుంది.

నాకు తెలిసిన ఆ వయసు పిల్ల మా ఇంటివాళ్ల అమ్మాయి శ్రావణి. అశోక్‌నగర్‌లో మేం వాళ్లింట్లో కింది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. శ్రావణి కూడా నారాయణగూడలోనే ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్లమ్మ విజయక్క నేను ఆఫీసుకు వెళ్లినప్పుడు మా పాపను చూసుకునేది. కాలేజీ పిల్లల కథతో గేమ్ చేస్తున్నాం, మాటలు చదివి చెప్పడానికి శ్రావణి కాసేపు కూర్చోవాలి అని అడిగితే విజయక్క సరేనంది. "చదువు ఖరాబ్ కావద్దు, అంతే" అంది.

శ్రావణి చదవడం మొదలుపెట్టాక నా పని సగం తేలికైంది. "సుధక్కా, ఇట్ల ఎవ్వరు మాట్లాడరు. 'నీ స్నేహం నాకు అమూల్యం' అంటే ఆ పిలగాడు రికార్డు పడేసి ఉరుకుతడు" అనేది. అబ్బాయి పొగిడితే కీర్తన సిగ్గుపడుతుందని రాస్తే, "సిగ్గు తర్వాత, ముందుగాల ఎవరన్న చూసిన్రా అని చూస్తది" అంది. అది అలాగే పెట్టేశాను. కథలో ఒక్క చోట మాత్రం ఆ పిల్ల తడబాటు లేకుండా దాటిపోయేది. కీర్తన ఇంటికి ఆలస్యంగా వచ్చినప్పుడు వాళ్లమ్మ నిలదీస్తుంది. అక్కడ మూడు చాయిస్‌లు: నిజం చెప్పు, ఫ్రెండ్ ఇంటికి వెళ్లానని చెప్పు, ఏమీ మాట్లాడకు. శ్రావణి ఒక్కసారి కూడా మొదటిది నొక్కలేదు. అన్ని దారులూ చూడమ్మా అంటే, "అదేమైతదో నాకెరికే గదక్కా" అనేది. ఆ రూట్ సంగతి ఆఫీసులో చూసుకోవచ్చులే అని వదిలేశాను.

ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఒక బంద్ రోజు. బస్సుల్లేవు, కాలేజీ లేదు, ఆఫీసు లేదు. నేను ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను. శ్రావణి దాని ముందు కూర్చుని బస్టాపు సీను చదువుతోంది. వాన, ఒకే గొడుగు, అరవింద్ రెండు రోజులు కనపడక మళ్లీ వచ్చాడు. నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ వింటున్నాను.

"నువ్వు రాకుంటే నాకు ఏం తోచలే తెలుసా" అని చదివింది శ్రావణి. నచ్చక మళ్లీ చదివింది, ఈసారి ఇంకాస్త మెల్లగా, నిజంగా అన్నట్టుగా.

పాపను చంకనేసుకుని మెట్లు దిగుతున్న విజయక్క ఆ మాట విన్నది.

"ఎవరితోనే మాట్లాడుతున్నవ్? సెల్లు చూపియ్!" అంటూ లోపలికి వచ్చింది. సెల్లు లేదు. తెర మీద గొడుగు కింద అమ్మాయి, అబ్బాయి ఉన్నారు. విజయక్క ముఖం ఎర్రబడింది. "ఇదా నువ్ చేసే పని? ఇగ చాలు. రేపటి సంది కాలేజీ బంద్. ఇంట్ల కూసొని చదువుకో, పరీక్ష రాస్తె రాయి లేకుంటె లేదు."

ఇది ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు. అంతకు ముందు ఏడే కవాడిగూడలో ఉండే వాళ్ల దగ్గరి చుట్టాలు ఎవడో మిస్డ్ కాల్స్ ఇస్తున్నాడని కూతుర్ని కాలేజీ మాన్పించారు. దసరాకల్లా పెళ్లి చేసి పంపేశారు. ఆ పెళ్లికి శ్రావణి వెళ్లొచ్చింది. ఇప్పుడు కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుని నిలబడింది.

"అక్కా, అవి ఆమె మాటలు కాదు. నేను రాసినవి" అన్నాను.

"నువ్ రాసినవా? పిల్లగాండ్లకు ఇసొంటివి రాస్తరా సుధా? నువ్వు గూడ ఆడపిల్ల తల్లివే గదా!"

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. అయినా ఆ పిల్ల చదువు ఆగిపోవడానికి నా పని కారణం కావడం నాకు ఇష్టం లేదు. "మీరే ఒకసారి ఆడి చూడండక్కా. చెడు ఉందంటే నేనే మేనేజర్‌తో చెప్పి తీసేయిస్తాను" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. పాప లాప్‌టాప్ మీద చెయ్యి వేయబోతే, దాన్ని ఆపడానికని కూర్చుంది. కూర్చున్నాక లేవలేదు.

మొదట్నుంచి మొదలుపెట్టాను. విజయక్క ప్రతి చాయిస్ పైకి చదివేది, దాన్ని తిట్టేది, తర్వాత నొక్కేది. అరవింద్ వచ్చాడు. "ఈనికి దుకాణంల పని లేదా? జిరాక్స్ కోసమొచ్చినోళ్లు నిలబడ్డరు, ఈడు నవ్వుతుండు." అతను లైబ్రరీకి రమ్మంటే ఇంటికి పోయే చాయిస్ నొక్కింది. గొడుగు ఇస్తానంటే వానలో తడిసింది. సెల్ నంబర్ అడిగితే ఇవ్వనంది. రొమాన్స్ రూట్ తలుపులన్నీ వరసగా మూసుకుంటూ వెళ్లింది. "చూసినవానే?" అని కూతురి వైపు తిరిగింది. "ఎట్ల దాటిననో చూడు."

"మస్తు దాటినవ్ మమ్మీ" అంది శ్రావణి గోడ దగ్గర్నుంచే. ఆ గొంతులో ఎగతాళి ఉందో లేదో తెలియలేదు.

కథలో కీర్తన బస్సు దొరక్క ఆలస్యంగా ఇల్లు చేరింది. అమ్మ గుమ్మంలోనే నిలదీసింది. మూడు చాయిస్‌లు వచ్చాయి. విజయక్క ఆలోచించనే లేదు, నిజం చెప్పు అన్నది నొక్కింది. ఒక అబ్బాయి నంబర్ అడిగాడు, నేను ఇవ్వలేదు అని కీర్తన చెప్పింది. తెర మీద అమ్మ కోపంగా చూసింది. "రేపటి నుంచి నీకు కాలేజీ లేదు" అంది. తెర నల్లబడింది. బ్యాడ్ ఎండింగ్.

"గదేంది?" అంది విజయక్క. "నేను నంబర్ ఇయ్యలే గదా! నేనేం తప్పు చేసిన?"

శ్రావణి అంది: "అబద్ధం చెప్తే కాలేజీకి పోవచ్చు మమ్మీ. నేను చూసిన."

విజయక్క కూతురి వైపు చూడలేదు. వెనక్కి వెళ్లే మీట చూపించమని నన్ను అడిగింది. ఈసారి ఫ్రెండ్ ఇంటికి వెళ్లానని చెప్పింది. అమ్మ లోపలికి రానిచ్చింది, కథ ముందుకు నడిచింది. మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ నిజం చెప్పింది. మళ్లీ తెర నల్లబడింది.

"ఆమెకు మొఖం ఒక్కటేనా? ఎప్పుడు గట్లనే ఉంటదా?" అని అడిగింది.

ఒక్కటే. తెర మీద నిలబడే పాత్ర బొమ్మను మేం స్ప్రైట్ అంటాం. ప్రతి స్ప్రైట్‌కు నవ్వు, అలక, సిగ్గు, దిగులు అని వేరువేరు ముఖాలు గీస్తారు. అరవింద్‌కు అవన్నీ ఉన్నాయి. కీర్తనకు ఇంకా ఎక్కువ ఉన్నాయి. అమ్మ కథను అడ్డుకోవడానికి తప్ప రాదు కాబట్టి ఇమ్రాన్ చేత కోపం ముఖం ఒక్కటే గీయించాం. పెద్దవాళ్ల పాత్రలకు ఆర్టిస్టు టైమ్ ఖర్చు పెట్టకపోవడం మా పనిలో మామూలే. ఆ సంగతే ఆమెకు చెప్పాను.

విజయక్క పాపను ఎత్తుకుని లేచింది. మెట్ల దగ్గర ఆగి, "రేపు బస్సులు నడుస్తయట. కాలేజీకి పో" అంది శ్రావణితో. తర్వాత నా వైపు తిరిగింది. "ఈ ఆటకు మాత్రం ఇది రాదు. ముందుగాల ఆ తల్లిని మార్చు, అటెంక చూద్దాం."

మర్నాడు ఆఫీసులో ఇమ్రాన్ గొడవ చేశాడు. "మమ్మీకి ఎక్స్‌ప్రెషన్ ఎందుకక్కా? ఆమెకేమన్న రూట్ ఉన్నదా?" మేనేజర్‌ను ఒప్పించడానికి నేను మూడో అబ్బాయి రూట్‌లోంచి ఒక పాట సీను వదులుకున్నాను. ఇమ్రాన్ నవ్వు ముఖం గీసిచ్చాడు. దాన్ని లాప్‌టాప్‌లో తెచ్చి విజయక్కకు చూపించాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నవ్వుడెందుకు? ఆడపిల్ల వచ్చి గట్ల చెప్తె ఏ తల్లి నవ్వుతది? పానం దస్సుమంటది. ఏం జేయాల్నో తెల్వక అరుస్తం."

"అంటే భయం గీయమంటారా?"

"భయమే. కోపం తర్వాత."

ఇమ్రాన్‌కు ఆ ముఖం ఒక పట్టాన కుదరలేదు. కళ్లు పెద్దవి చేస్తే దయ్యాన్ని చూసినట్టు ఉండేది. చివరికి నోరు కొంచెం తెరిచి, చెయ్యి తలుపు రెక్క మీద ఉంచి గీశాడు. సీను మళ్లీ రాశాను. నిజం చెప్తే ఆ ముఖం వస్తుంది. అమ్మ కూర్చుంటుంది. తర్వాత రేపు బస్టాపుకు నేనూ వస్తానంటుంది. దానితో మాకు కొత్త తలనొప్పి మొదలైంది. అరవింద్ రూట్ ముందుకు సాగాలంటే అతను బస్టాపులో అమ్మ ఎదురుగా నిలబడి నమస్తే ఆంటీ అనాలి, తన పేరు, తండ్రి పేరు, దుకాణం ఎక్కడో చెప్పాలి. రూట్ పొడవైంది. ఆఫీసులో అందరికీ ఆ సీనే నచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం విజయక్కే శ్రావణిని వెంటబెట్టుకుని కిందికి వచ్చింది. తను మా పాప జుట్టు దువ్వుతూ మంచం మీద కూర్చుంది. శ్రావణి కొత్త సీను తెరిచింది. మూడు చాయిస్‌ల దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత మొదటిది నొక్కింది. అమ్మ ముఖం మారింది. ఆ సీను చివరిదాకా చదివింది, ఈసారి పైకి కాదు.

అయిపోయాక తెర వైపే చూస్తూ అంది: "మమ్మీ, నీకొకటి చెప్పాలె. బస్సుల ఒక పిలగాడు రోజు నా ఎనక సీటుల కూసుంటుండు. నంబర్ అడుగుతుండు. నేను ఇయ్యలే."

దువ్వెన ఆగింది. విజయక్క నోరు తెరిచింది, మళ్లీ మూసింది. పాప తల విదిలించి కిందికి దిగిపోయింది, ఎవరూ ఆపలేదు. విజయక్క అరవలేదు, అడిగింది.

"ఏ బస్సుల?"

తర్వాత కొన్నాళ్లు వాళ్లిద్దరూ కలిసే నారాయణగూడకు వెళ్లేవారు. శ్రావణి మార్చిలో అదే కాలేజీ నుంచి పరీక్షలు రాసింది. మా గేమ్ ఆలస్యంగా విడుదలైంది, పెద్దగా ఎవరూ ఆడలేదు.

ఈ పని వల్ల నా రాతలో ఒక పద్ధతి మారింది. టీనేజ్ పాత్రలకు ప్రేమ కథ రాయమంటే కొత్త రైటర్లు అబ్బాయి కళ్లతో మొదలుపెడతారు. నేను వాళ్లను ముందు ఇంటి గుమ్మం సీను రాయమంటాను. ఆ పిల్ల నిజం చెప్తే ఏమవుతుందో అది తేలాకే మిగతా రూట్లు. నిజం చెప్తే బ్యాడ్ ఎండింగ్ వచ్చే కథలో ఆడేవాళ్లు మొదట నేర్చుకునేది అబద్ధమే. ఆర్టిస్టు దగ్గర పోట్లాడైనా ఇంట్లో పెద్దవాళ్లకు భయం ముఖం గీయిస్తాను.

ఇక మా పాప. ఇంకా కాలేజీ వయసు రాలేదు, బడిలోనే చదువుతోంది. అది పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. దాని గురించి నా భయాలు ఏమీ తగ్గలేదు, పెరిగాయి కూడా. అది పెద్దదై ఒక రోజు వచ్చి ఏదైనా చెప్తే నేనూ అరుస్తానేమో. కానీ అరిచే ముందు ఒక ప్రశ్న అడగాలని మాత్రం అనుకుంటున్నాను. విజయక్క అడిగినంత చిన్నది చాలు.