మణికట్టు మీది రబ్బరు బ్యాండు

కాలేజీ నుంచి సెలవులకొచ్చినా అక్కకి కూర్చుంటే కునుకు, లేస్తే ఆవలింత. కునుకు పట్టిన ప్రతిసారీ మణికట్టుకున్న రబ్బరు బ్యాండును లాగి చుర్రుమనేలా వదులుతుంది. పదో తరగతిలో నిద్రాపుకోవడానికి నేర్చిన విద్య అది. దాంతో తెచ్చుకున్న ఫస్టు ర్యాంకు స్కూలు గేటు దాకానే వచ్చింది, అలవాటు మాత్రం కాలేజీ దాకా వెంటబడింది.

"చెల్లికీ పరీక్షలొస్తున్నాయి, నాలుగు మంచి మాటలు చెప్పవే," అంది అమ్మ వంటింట్లోంచి. చెల్లి పుస్తకం మూసి, "చెప్పక్కా, నా వయసులో నీకెవరైనా ఏం చెప్పుంటే బాగుండేది?" అంది. పుస్తకం మూసిన ఆ చేతికీ ఒక బ్యాండు, దాని కింద ఎర్రటి వాతలు. అక్క ఆ బ్యాండు తీసి, దాంతోనే ఆ పిల్ల జడ చివర బిగించింది. "పోయి కాసేపు పడుకోవే," అంది. చెల్లి లేచి వెళ్ళిన కుర్చీలోనే కూలబడిన అక్కకి కునుకు పట్టింది. చెయ్యి దానంతట అదే మణికట్టు మీదికి పోయి బ్యాండును లాగింది.