ఏ ఐదు సెంట్లు అని అడిగిన మనిషి

మొన్న సోమవారం పొద్దున్న కొట్టు తలుపులు తీస్తుంటే మా అమ్మాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. అక్కడ అది నర్సు. "నాన్నా, సర్వేయరు పెదనాన్న పోయేరు" అంది. కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకుని, కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆటోలో తీసుకొచ్చేసరికే అంతా అయిపోయిందట. పన్నెండు రోజుల క్రితం మా అమ్మాయి గృహప్రవేశంలో పులిహోర అడిగి మరీ రెండోసారి వేయించుకున్న మనిషి. నమ్మమంటే ఎలా నమ్మేది?

నేను చోడవరంలో టైలరుని. ఏడో తరగతితో చదువు ఆపేసి మిషను తొక్కడం మొదలుపెట్టాను. ఇలాంటివి రాయడం నాకు అలవాటు లేదు, తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోండి. కానీ ఈ నెలలో నా అంత సంతోషపడిన తండ్రి ఈ చుట్టుపక్కల ఎవడూ ఉండడు. ఆ సంతోషం నా చేతికిచ్చిన మనిషి గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం సహించదు.

ఆయన సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. మా కొట్టుకి నాలుగిళ్ల అవతల ఉండేవారు. ఇరవై ఏళ్ళు ఆయన చొక్కాలు నేనే కుట్టాను. ఆయన చొక్కాకి జేబు మామూలు జేబు కాదు. నోటుబుక్కు అడ్డంగా పట్టాలి, పక్కన పెన్సిలుకి విడిగా చిన్న అర ఉండాలి. రిటైరయ్యాక ఇంకా ఆ జేబు ఎందుకండీ అంటే, "జేబు లేకపోతే సెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు టైలరూ" అనేవారు. నడిచేటప్పుడు పెదాలు కదులుతుండేవి. ఏదో జపం అనుకునేవారు జనం. జపం కాదు, అడుగులు లెక్కపెట్టుకునేవారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆకు ముందు కూర్చునేలోపు ఒకసారి పెరట్లోకి వెళ్ళి, నీళ్ళు ఎటు పారతాయో చూసి వచ్చేవారు. మా ఆవిడ నవ్వేది. "ఆయన పెళ్లిచూపులకెళ్ళినా ముందు పెరడే సూసుంటారు" అనేది.

ఇంక అసలు సంగతికొస్తాను.

మా అమ్మాయి పెళ్లయిన దగ్గర్నుంచి ఆరు అద్దె ఇళ్ళు మారింది. ఇల్లుగలవాళ్ళ కొడుకు వస్తున్నాడనో, పైన మేడ వేస్తున్నారనో ప్రతిసారీ ఖాళీ చేయమనేవారు. మంచాలూ బిందెలూ ఆటోలో ఎక్కించి, తులసి మొక్క డబ్బా తను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేది. పోయినేడాది మా ఊరి చివర కాలవ పక్కన ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. పడమర కాలవ, తూర్పున చెరకు తోట. గాలి, వెలుతురు, మంచి ప్రహరీ. అల్లుడికీ నచ్చింది. నేనైతే అప్పుడే గుమ్మానికి మామిడాకులు కట్టేసినంత సంబరపడిపోయాను.

ఆ సంబరం పట్టలేక సర్వేయరు గారు కొట్టుకి రాగానే చెప్పేశాను. "మీకు శ్రమ లేకుండా సర్వే కూడా సేయించేసేను సర్వేయరు గారూ!"

"ఎవరిసేత?"

"టేపు పట్టుకుని ఒకాయన వచ్చేడు. ప్రహరీ లోపల నాలుగు పక్కలా కొలిసేడు. సరిగ్గా ఐదు సెంట్లు. దస్తావేజులో ఎంతుందో అంతే!"

"ఐదు సెంట్లు ఉన్నాయి. బాగుంది. ఏ ఐదు సెంట్లు?"

"ఏటండీ ఆ మాట? కళ్ళెదురుగా కనబడతంటే!"

ఆయన లేచి, తీగ మీద వేలాడుతున్న ఒక కొత్త చొక్కా తీశారు. "ఇదెవరిది?"

"బ్యాంకు మేనేజరు గారిది."

"నా కొలతేనా?"

"మీ కొలతే. మీకు అతికినట్టు సరిపోద్ది."

"అయితే తొడుక్కుని ఎల్లిపోతన్నాను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "కొలత సరిపోయినంత మాత్రాన సొక్కా నాదైపోదు కదా టైలరూ. గోడ లోపల ఐదు సెంట్లున్నాయి. కాయితంలోనూ ఐదు సెంట్లున్నాయి. ఆ రెండూ ఒకే సోట ఉన్నాయా లేదా అని ఎవరు సూసేరు?"

"మరి ఆ కొలిసినాయన..."

"ఆడి తప్పేం లేదు. ఎంతుందో సెప్పమన్నావు, సెప్పేడు. ఎక్కడుందో సెప్పమన్లేదు. సర్వే అంటే అన్నీ ఒకటే అనుకుంటారు. కాయితాలు సూసేవాడు వేరు, నేల కొలిసేవాడు వేరు, గోడ సూసేవాడు వేరు. నీకేటి కావాలో నువ్వడగాలి."

నలభై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకు తిరుగుతున్నవాణ్ణి, నాకీ మాట తట్టనే లేదు చూడండి!

ఆయన ఆ సర్వే నంబరు పటం నకలు సంపాదించి, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వచ్చారు. ఇంట్లోకి అడుగైనా పెట్టలేదు. వెనక్కి వెళ్ళి ప్రహరీ మీంచి చెరకు తోట వైపు చూస్తూ నిలబడిపోయారు. పాత సర్వే రాయి ఒకటి ఆ తోట లోపల ఉండాలట. అక్కడి నుంచి కొలిస్తేనే ఇది ఎవరి నేలో తేలుతుందట. చెరకు మనిషి కంటే ఎత్తున, చెయ్యి దూరనంత చిక్కగా ఉంది.

"తోట కొట్టేదాకా ఆగాలి" అన్నారు.

అంటే షుగరు ఫ్యాక్టరీలో క్రషింగు మొదలై, ఆ తోట రైతుకి చెరకు కొట్టుకోమని కటింగు ఆర్డరు వచ్చేదాకా. కనీసం మూడు నెలలు. ఇల్లమ్మే ఆయన అక్కడే ఉండి నవ్వాడు. "చెరకులో రాయి ఎతుక్కోడానికి నేను మూడు నెలలు కూసోవాలా? ఏరే పార్టీ కాసుక్కూసుంది."

ఆ ఇల్లు చేయి జారిపోతే నా కూతురికి ఏడో అద్దె ఇల్లే. దారిలో నోరు జారాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. "రిటైరయ్యి పొద్దుపోక, మీకు నా కూతురి ఇల్లే దొరికిందా సర్వేయరు గారూ?" అనేశాను.

ఆయన కొట్టు దాకా నడిచి, చొక్కా అంచు చూపించి, "ఈ బొత్తాం ఊగుతంది. రేపు కుట్టిపెట్టు" అని వెళ్ళిపోయారు.

మర్నాడు బొత్తాం కుట్టించుకుని నేరుగా మా అమ్మాయి దగ్గరకు వెళ్ళారు. ఏం చెప్పారో నాకు తెలీదు. సాయంత్రం అది వచ్చి నా మిషను పక్కన కూర్చుంది. "నాన్నా, ఆరిళ్ళు మారేను. రేపు నా సొంతింట్లోంచి కూడా ఎవడో వచ్చి లెగమంటే నేను తట్టుకోలేను. ఆగుదాం" అంది.

ఆగాం. ఆ వేరే పార్టీ అనేది వచ్చిందీ లేదు, పోయిందీ లేదు.

ఆ మూడు నెలలూ ఆయన ఊరుకోలేదు. "నాది రిటైరైన సూపు. నా కొలత మీద సంతకం సెల్లదు" అని చెప్పి, ఇల్లమ్మే ఆయన చేతనే సర్వేకి అర్జీ పెట్టించారు. పక్కవాళ్లందరికీ నోటీసులు అందేలా చూశారు. గోడల సంగతేమిటండీ అని అడిగితే, "నాకు గోడలు తెలీవు" అని ఒక తాపీమేస్త్రిని తీసుకొచ్చారు. ఆ మేస్త్రి కారుతుందేమో చూడ్డానికి మేడ మీద నీళ్ళు కట్టి రెండు రోజులుంచాడు. గోడ గోడకీ వేలి కణుపులతో కొట్టి చెవి ఆనించి విన్నాడు. ఇన్నేళ్ళ అనుభవం ఉండి, తెలియనిది తెలియదని అంత తేలిగ్గా చెప్పగలిగిన మనిషిని నేను సర్వేయరు గారినే చూశాను.

చెరకు కొట్టిన రోజు రానే వచ్చింది. తోట ఖాళీ అయ్యేసరికి నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంది. సర్కారు సర్వేయరు కొలత మిషనుతో వచ్చాడు, చిన్న వయసువాడు. మా సర్వేయరు గారు పటం ఒకసారి చూసుకుని, పెదాలు కదుపుకుంటూ నడిచి నడిచి ఒకచోట ఆగారు. "ఇక్కడ తవ్వండి" అన్నారు. గునపం రెండోసారి దిగ్గానే ఖంగుమంది. మూరెడు లోతున రాయి. ఆయన వంగి, భుజం మీది తువ్వాలుతో దాని మీద మట్టి తుడిచారు. స్నానం చేయించిన పిల్లకి మొహం తుడుస్తారు చూడండి, అలాగ! ఆ కుర్రాయన మిషను పెట్టి చూసి, "కరెక్టుగా ఇక్కడే సార్!" అన్నాడు. మా సర్వేయరు గారి మొహం చూడాలి అప్పుడు!

తరవాత వచ్చిన మాటే పిడుగు. కాయితంలో ఉన్న ఐదు సెంట్లు ప్రహరీకి తొమ్మిదడుగులు తూర్పుగా ఉన్నాయి. ఎప్పుడో కాలవ పూడి గట్టు జరిగితే, ఆ గట్టు దగ్గర్నుంచే కొలుచుకుని అందరూ పడమరకి జరిగి కూర్చున్నారు. అంటే ఆ ఇంటి వంటగది మొత్తం కాలవ నేలలో ఉంది. ఎప్పుడైనా పడగొట్టాల్సిందే. ఇల్లమ్మే ఆయన ఎండుటాకు కుప్ప మీద చతికిలబడ్డాడు. పాపం, ఆయనకీ తెలీదు. ఆయన పక్కనే నేనూ కూర్చుండిపోయాను.

అటు చెరకు రైతు కేకలు మొదలుపెట్టాడు. "మా అయ్య ఏసిన పొలంగట్టు ఇది! ఈ నర్సమ్మ ఇల్లు కొనుక్కుంటే నాది తొమ్మిదడుగులు పోవాలా? ఎవడొస్తాడో రమ్మను, సూస్తాను!"

సర్వేయరు గారు ఆయనతో వాదించలేదు. ఎండలో, ఆ వయసులో, ఎవరూ అడక్కుండానే పొలం తూర్పు చివరకి నడిచారు. ఎవరిదీ కాదని అందరూ వదిలేసిన ముళ్ళ తుప్పల్లోకి దిగారు. ఆ కుర్ర సర్వేయరుని పిలిచి అక్కడా కొలిపించారు. చొక్కా చెయ్యి ముల్లుకి చిరిగింది. అక్కణ్ణుంచి కేకేశారు.

"ఒరే! నీది పోలేదురా, జరిగింది! నీ తొమ్మిదడుగులూ ఇక్కడున్నాయి, తుప్పలు మొలిసి! ఇన్నాళ్ళూ నీ కోసం సూస్తన్నాయి, నువ్వే రాలేదు!"

రైతు వెళ్ళి చూశాడు. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ ఎర్రోణ్ణి నేనేనా బాబూ?"

"నువ్వొక్కడివే అనుకోకు. ఆ కుప్ప మీద ఇద్దరు కూసున్నారు సూడు."

రైతు నవ్వేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తిరిగి వస్తూ, "ఆయనకి కూడా ఎందుకు కొలిపించేరండీ?" అని అడిగాను. "ఒకడి కోసం కొలిస్తే రేపు తగువొస్తాది. అవతలోడికీ కొలిసి సూపిస్తే ఆడే నీ కూతురికి కాపలా ఉంటాడు" అన్నారు. ఎంత మాట! నిజంగానే ఈ రోజు మా అమ్మాయి డ్యూటీకి వెళ్తే ఇల్లు చూసేది ఆ రైతు భార్యే.

ఆ పైన అన్నీ దారిలో పడ్డాయి. ఇల్లమ్మే ఆయన వంటగది తీయించేశాడు. కొత్త హద్దులతో రిజిస్ట్రేషను అయింది. రైతు తొమ్మిదడుగుల మేర చెరకు మొదళ్ళు తవ్వించి నేల అప్పగించాడు. అక్కడ మా అమ్మాయి కొత్త వంటగది కట్టుకుంది. ఆగ్నేయం మూల కలిసొచ్చిందని మా ఆవిడ ఊరంతా చెప్పుకుంటోంది. గృహప్రవేశం రోజు పాలు పొంగుతుంటే నా కూతురి మొహం చూశాను. ఆ మొహం చూడ్డానికి ఇన్నేళ్ళు మిషను తొక్కానేమో అనిపించింది. తులసి మొక్కని డబ్బాలోంచి తీసి నేలలో నాటింది.

ఆ రోజు పెద్దమనుషులంతా హాల్లో కూర్చుంటే ఆయన మాత్రం కుర్చీ తెప్పించుకుని, వంటగది వెనక కొత్తగా పాతిన హద్దు రాయి దగ్గర కూర్చున్నారు. విస్తరి ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. నేను పక్కన నిలబడి, "ఆ రోజు దారిలో నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ఏ మాట?"

"అదే, పొద్దుపోక అని..."

"టైలరూ, నాకీమధ్య సెవులు సరిగా ఇనబడ్డం లేదు. పులిహోర ఇంకొంచెం ఏయించు."

వేయించాను. తినేసి చెయ్యి కడుక్కుంటూ రాయి పక్కన చూశారు. తవ్వగా ఎక్కడో మిగిలిపోయిన చెరకు మొదలు నుంచి జానెడు పిలక ఒకటి లేచి ఉంది. కొత్తింటి దగ్గర ఇదేమిటని నేను పీకబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండనీ టైలరూ. ఆ నేలకి ఇంకా కబురందలేదు."

నిన్న శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, సాయంత్రం అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అది వంటగది వెనక గుమ్మంలో బియ్యం కడుగుతోంది. కడుగు నీళ్ళు పారబోయకుండా తీసుకెళ్ళి రాయి పక్కన పోసింది. ఆ పిలక మోకాలెత్తు పెరిగింది. పొలం వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా దాని ఆకు కదిలి, రాయి మీద దుమ్ము తుడుస్తోంది.