మూడు గ్లాసుల కల్లు, ఒక మర్ఫా

ఆ రోజుల్లో హైదరాబాదులో ప్రతి కుర్రాడికీ ఏదో ఒక విద్యలో తనను మించినవాడు లేడన్న నమ్మకం ఉండేది. ఒకడికి పతంగులు కోయడంలో, ఒకడికి కేరంలో, ఒకడికి ఏ ఆటగాడు ఏ కాలితో గోలు కొడతాడో ముందే చెప్పడంలో. నాకు కల్లు రుచి చెప్పడంలో. నవ్వకండి. అప్పట్లో నేనూ నవ్వలేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఇరవై మూడేళ్ల వయసు, సర్కారు కార్ఖానాలో స్టోర్సు గుమస్తా ఉద్యోగం, కొబ్బరినూనెతో నున్నగా, ఎత్తుగా దువ్విన పక్కపాపిడి జుట్టు, వీటన్నిటికీ తోడు నా నాలుక లోకానికి దొరికిన వరమన్న అభిప్రాయం. ఇన్ని ఉన్నవాడికి బుద్ధి కూడా ఉండాలనుకోవడం అత్యాశే.

మా కార్ఖానాకు ఫుట్‌బాల్ జట్టు ఉండేది. బయటి ఊళ్ల జట్లు మాతో ఆడడానికి వస్తే, వాటి వెంట లారీల నిండా అక్కడి కార్మికులు కూడా వచ్చేవారు. ఆట సాయంత్రం నాలుగింటికి. లారీ అఫ్జల్‌గంజ్ చేరేది పొద్దున్నే. ఈలోగా అతిథులకు చార్మినార్ చూపించాలని మా యూనియన్ పెద్దల ఉద్దేశం. చార్మినార్ ఎక్కడికీ పోదని, పొద్దటి కల్లు మాత్రం మధ్యాహ్నానికి పులిసిపోతుందని అతిథుల ఉద్దేశం. వాళ్లకు దారి చూపే బాధ్యత నా మీద పడింది (ఎవరూ వేయలేదు, నేనే మీద వేసుకున్నాను). నయాపూల్ దగ్గరి కల్లు కాంపౌండు తొందర ఉన్నవాళ్లకు. అక్కడ కల్లులో నీళ్లు కలపరు, నీళ్లలో కల్లు కలుపుతారు. అఫ్జల్‌గంజ్ వెనక సందులోది మందు కల్లు. అక్కడ కూర్చున్నవాడు ఆట మొదటి సగం రెండేసి బంతులతో చూస్తాడు, రెండో సగం అసలే చూడడు. చెట్టు నుంచి దిగింది దిగినట్టు తాగాలంటే జహనుమాలో పెద్దమ్మ కాంపౌండుకే పోవాలి. ఈ తీర్పులన్నీ నావే. అడగకపోయినా చెప్పేవాణ్ని.

పెద్దమ్మ అంటే నాకు పెద్దమ్మ కాదు, పేటకంతా పెద్దమ్మ. తడకల పందిరి కింద నాలుగు బెంచీలు, ఉడికించిన శనగ గుడాలు, వరసగా కల్లు నిండిన మట్టి లొట్లు. అక్కడ నా ప్రదర్శన చూడాల్సిందే. గ్లాసు ఎత్తి వెలుగులో పెట్టేవాణ్ని, వాసన చూసేవాణ్ని, కళ్లు మూసుకుని ఒక గుక్క నోట్లో నిలిపి, కాసేపటికి తీర్పు చెప్పేవాణ్ని: "ఈతకల్లు. పహాడీషరీఫ్ వైపు రాళ్ల నేల. తెల్లారకముందు దింపినరు." ప్రతిసారీ నిజమే అయ్యేది. జనం నాకు 'నాలుక సాబ్' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు: నాలుకకు దీంతో ఏ సంబంధమూ లేదు. ఎవరి లొట్టి ఎవరిదో తెలియడానికి కల్లు గీసే గౌడన్నలు లొట్టి మెడ మీద సున్నంతో గుర్తులు పెట్టేవారు. ఒక్క గీత ఉంటే శంషాబాద్ తాటికల్లు. రెండు చుక్కలుంటే పహాడీషరీఫ్ ఈతకల్లు. ఒకసారి ఒకాయనను అడిగి తెలుసుకున్నాను. అంతే, పండితుణ్నయిపోయాను.

మా జట్టుకు ఇంకో బలం మర్ఫా భాయ్. శాలిబండ, జహనుమా పెళ్లిళ్లలో మర్ఫా డోలు వాయించి ఇల్లు నడిపే మనిషి. ఆట ఉన్న రోజు మాత్రం స్నేహం కోసం మా వైపు కూర్చుని వాయించేవాడు. ఆ దెబ్బకు మా జట్టు కాళ్లలోకి ఎక్కడిదో ఒక ఊపు వచ్చేది. కల్లు ముట్టడు. మాతో కాంపౌండుకు వచ్చినా బెంచీ చివర కూర్చుని గుడాలు తిని, ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించుకునేవాడు.

ఒక ఆదివారం బొగ్గు గనుల ఊరి జట్టు వచ్చింది. లారీలో నలభై మంది. నేను అఫ్జల్‌గంజ్‌లో లారీ ఎక్కి, మర్ఫా భాయ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, అందరినీ పెద్దమ్మ దగ్గరికి చేర్చాను. గ్లాసు ఎత్తి కళ్లు మూసుకున్నానో లేదో, లారీవాళ్లలో ఒక పిల్లగాడు ఫక్కున నవ్వాడు.

"ఏందన్నా, కల్లు తాగెతందుకు గింత పూజ చేస్తున్నవు? మా తాత తాగిన కల్లంత నీళ్లు గుడ నువ్వు తాగి ఉండవు."

తాత అంటే వాళ్లతో వచ్చిన ఒక ముసలాయన. ముప్పై ఏళ్లు బాయి దిగి (గనిని వాళ్లు బాయి అంటారు) పింఛను తీసుకున్న మనిషి. మూలన కూర్చుని ఎవరి జోలికీ పోకుండా గుడాలు నములుతున్నాడు.

"తాగుడు వేరు తమ్మీ, రుచి తెలుసుడు వేరు," అన్నాను.

"అట్లనా? అయితే పందెం. నువ్వు, మా తాత. ఓడినోళ్లు గ్రౌండ్ దాక అందరి చెప్పులు మోసుకరావాలె."

చెప్పుల పందేనికి ఒప్పుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నా అంతటివాడికి చెప్పులా? "చెప్పులేంది!" అన్నాను. "మా మర్ఫా పెడుతున్న. ఓడితే లారీల ఏసుకొని పోండ్రి."

మర్ఫా భాయ్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "క్యా మియా! తాగేది నువ్వు, మునిగేది నేనా? రేపు శాలిబండల బారాత్ ఉన్నది నాకు."

"ఫికర్ మత్ కరో భాయ్, నేనున్న గద," అని ఆయన భుజం తట్టాను, నా సొంత సొత్తును తట్టినట్టు. ఆయన ఒక్క మాట అంటే పందెం అక్కడే రద్దయ్యేది. నలభై మంది ముందు నా పరువు తీయడం ఇష్టం లేక ఊరుకున్నాడు. అట్లాంటివాళ్లు ఉండబట్టే నాలాంటివాళ్లు బతికేవారు.

పెద్దమ్మ కొంగు బిగించి లేచింది. "పందెమంటె పందెమే. లొట్లు లోపల ఉంటయి. నేను గ్లాసులల్ల పోసుకొస్త. ఎవ్వలు లోపలికి రావద్దు."

లొట్లు కనిపించవన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. మహా పండితుడికి అంత చిన్న విషయం ముందే ఎట్లా తడుతుంది? వెనక్కి తగ్గే దారి ఉంది, 'నాకు రాదు' అనడమే. ఆ మాట నా నోట అంతవరకు వచ్చిన దాఖలా లేదు.

మూడు గ్లాసులు వచ్చాయి. మొదటిది పుక్కిలించి, "ఈతకల్లు, పహాడీషరీఫ్," అన్నాను. రెండోది వెలుగులో పెట్టి, "ఇది తాటికల్లు, శంషాబాద్, నల్లరేగడి నేల," అన్నాను. మూడోదానికి వచ్చేసరికి ధైర్యం కూడా వచ్చేసింది. "ఇది రెండూ కలిపింది. కలిపింది మగమనిషి చెయ్యి," అన్నాను.

తాత మూడు గ్లాసులూ వరసగా ఖాళీ చేసి, మీసం తుడుచుకున్నాడు. "నాకేం తెలుస్తది బిడ్డా. మూడు ఒక్కతీరుగనే ఉన్నయి. మంచిగున్నయి. ఇంకో గ్లాసు పొయ్యి తల్లీ."

పెద్దమ్మ లోపలికి వెళ్లి ఒకే ఒక లొట్టి తెచ్చి బెంచీ మీద పెట్టింది. మెడ మీద రెండు సున్నం చుక్కలు.

"గిదొక్కటే. మూడు గ్లాసులు గీండ్లకెల్లే పోసిన," అంది. తర్వాత గాజుల చెయ్యి నా మొహం ముందు పెట్టింది. "గిదేనా నీ మగమనిషి చెయ్యి? మూడేండ్ల సంది చూస్తున్న. గ్లాసు కన్న ముందు లొట్టి మెడ చూస్తవు. సున్నం కనబడకుంటె నీ నాలుక పని చెయ్యదా బిడ్డా?"

ఆ నవ్వులు ఫలక్‌నుమా దాకా వినిపించి ఉంటాయి. మర్ఫా భాయ్ ఒక్కడే నవ్వలేదు. మర్ఫాను ఎత్తి తన చేతులతోనే లారీవాళ్లకు ఇచ్చాడు.

ఆట మొదలైంది. అవతలి వైపు ఆ పిల్లగాళ్లు మర్ఫాను డబ్బా కొట్టినట్టు కొడుతున్నారు. ఆ తోలును మంట దగ్గర కాచి బిగిస్తేనే పలుకుతుందని వాళ్లకు తెలియదు. ఒక్కో దెబ్బకూ నా పక్కన భాయ్ ఉలిక్కిపడుతున్నాడు. పావుగంట ఓర్చుకున్నాడు. "చమ్‌డా ఫాడ్ దేతే యే లోగాఁ, తోలు చింపుతరు," అని లేచి, మైదానం చుట్టూ నడిచి అవతలికి పోయాడు. పాత పేపర్లు ముట్టించి తోలు కాచి వాయించడం మొదలుపెట్టాడు. అన్నేళ్లు మా వైపు నుంచి విన్న ఆ దెబ్బ ఎదురుగా కూర్చుని వింటే ఎంత భయంకరంగా ఉంటుందో మాకు ఆ రోజే తెలిసింది. ఒక్క గోలుతో ఓడిపోయాం. మర్ఫా వల్లే గోలు పడిందని మా వెనక వరస ఆటగాడు చివరిదాకా వాదించాడు. బంతి ఆయన కాళ్ల మధ్య నుంచి పోయిన సంగతి వేరు.

అసలు నేను చెప్పాల్సింది ఆ తర్వాతిది. సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో లారీ బయలుదేరబోతోంది. నేను పోయి తాత కాళ్లు పట్టుకుని, పందెం నాది, డోలు భాయ్‌ది, తిరిగి ఇచ్చేయమని అడగాలి. పోలేదు. చీపుర్లమ్మే దుకాణం ముందు పేర్చిన కట్టల వెనక నిలబడి చూశాను. భాయ్ మాట తప్పలేదు, మర్ఫాను తానే లారీ మీద పెట్టాడు. ఒక్క క్షణం దాని మీద అరచెయ్యి ఆనించి, తీసేశాడు. తాత దాన్ని తిరిగి కిందికి అందించాడు.

"నీ చేతులు మా లారీల రావు గద బిడ్డా. ఉత్త డోలు ఏం చేసుకుంటం? తీస్కపో. మల్లొచ్చినప్పుడు మాత్రం మాదిక్కు కూసోవాలె."

లారీ మలుపు తిరిగాక నేను బయటికి వచ్చాను. వచ్చి ఏమన్నానో రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. "చూసినవా భాయ్," అన్నాను, "ఫికర్ వద్దని నేను చెప్పలే?"

ఆయన నన్ను ఒకసారి చూసి, మర్ఫాను సైకిల్‌కు కట్టుకుని, నయాపూల్ మీదుగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత గనుల జట్టు వచ్చిన ప్రతిసారీ వాళ్ల వైపే కూర్చున్నాడు. మిగతా ఆటలకు అసలు రాలేదు.

మొన్న శాలిబండలో ఒక హోటల్లో కనిపించాడు. ఇప్పుడు మర్ఫా కొడుకులు వాయిస్తున్నారట. నాకు చాయ్ చెప్పి, కప్పు నా ముందుకు జరిపి, "బోలో నాలుక సాబ్, ఏ తోట ఆకు?" అన్నాడు. పాత అలవాటున నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. తెరిచాను.

"నాకేం తెలుసు భాయ్. మంచిగుంది," అన్నాను. ఇంకో గుక్క తాగి ధైర్యం తెచ్చుకున్నాను. "ఆ రోజు అఫ్జల్‌గంజ్‌ల... లారీ పోయేటప్పుడు నేను..."

"మాలూమ్," అన్నాడు భాయ్, నా బట్టతల వైపు చూసి నవ్వుతూ. "చీపుర్ల పైనకెల్లి నీ పాపిడి కనబడ్డది మియా." ఆ తర్వాత హోటల్ వాణ్ని పిలిచి నాకు ఇంకో చాయ్ చెప్పాడు.