శ్రీశైలం సత్రంలో మా గది

మా తాతగారు శ్రీశైలంలో ఒక సత్రానికి గది కట్టించి ఇచ్చారు. పేరు ఆయనదే అయినా, ఆ గది ఇటుకా సున్నమూ తలుపులూ మా మేనత్త చేతి గాజుల్లోంచి వచ్చినవి. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన ఆవిడ, ఇక ఇవి నాకెందుకు, శివుడి పేరున ఏదైనా కట్టించండి అని గాజులు తీసి తండ్రి చేతిలో పెట్టిందట. నేను పుట్టకముందు మాట. ఆడవాళ్ళ పేర్లు రాళ్ళమీద చెక్కించే అలవాటు మా ఇంట్లో లేదు కాబట్టి గది తాతగారి పేరున వెలిసింది.

ఆ గదిని అత్త ఎన్నడూ చూడలేదు. మా ఇల్లు బాగున్న రోజుల్లో మగవాళ్ళు శ్రీశైలం వెళితే ఫారెస్టు బంగళాలో దిగేవారు. సత్రంలో దిగడం మర్యాద కాదు. ఆడవాళ్ళు అంత దూరం అడవిలో ప్రయాణం చేసేవారే కాదు. తర్వాత భూములు కొన్ని కోర్టులకూ కొన్ని సీలింగుకూ పోయాయి. జీపు పోయింది. బంగళా తాళం తీసేవాళ్ళు మమ్మల్ని మరిచిపోయారు. ఎనభైల నాటికి గురజాల దగ్గర మా ఊళ్ళో మాకు మిగిలింది ఇల్లూ, ఇంటి పేరూ, కాస్త మెట్ట భూమీ.

ఆ రోజుల్లోనే అత్త కళ్ళకు పొర కమ్మడం మొదలైంది. ఒకనాడు అన్నం తింటూ ఉన్నట్టుండి అంది.

"ఒరేయ్, చూపు పూర్తిగా పోకముందే ఆ గదిలో ఒక్క రాత్రి పడుకొని రావాల్రా. ఇంకేం అడగను నిన్ను."

నిజంగానే ఆవిడ నన్ను అప్పటిదాకా ఏమీ అడగలేదు. ఆ ఒక్క రాత్రి కోసం నేను పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గది ఇచ్చిన దాతల వంశం వాళ్ళు ఏటా మూడు రోజులు సత్రంలో ఊరికే ఉండవచ్చని నాకు చెప్పింది సత్తెనపల్లిలో పత్తి వ్యాపారం చేసే ఒక బంధువు. వరసకు బావ. అంత నేర్పుగా ప్రయాణాలు చేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఒక పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని ఆ విద్యంతా నాకు ఉపదేశించాడు.

"తిరపతిలో ఓ గదిచ్చాం, కాశీలో ఓ గదిచ్చాం. ఒక్కణ్ణే ఇచ్చాననుకున్నావా? పది మందిమి కలిసి ఇచ్చాం, పది పేర్లూ రాయించాం. పేరుకి మూడు రోజులు. మా తమ్ముడు పోని ఏడు ఆడి రోజులు కూడా నాయే. దేశమంతా తిరిగొచ్చా బావా, యాడా అద్దె కట్టింది లేదు."

"దాన్ని దానమంటారా?"

"పుణ్యానికి పుణ్యం, పక్కకి పక్క! మీ తాత ఏకంగా గది మొత్తం కట్టించి ఇచ్చాడే, నువ్వు ఒక్కరోజన్నా పోయావా? నీయంత వెర్రోడు ఈ పల్నాట్లో లేడు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను మజ్జిగ పోయించుకోకుండానే లేచాను. కానీ ఆ మూడు రోజుల మాట మాత్రం మనసులో పడింది.

సత్రానికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ లేదు. బావ కనిపించి, "జవాబు కార్డు జత చేశావా? చెయ్యకపోతే వాళ్ళెందుకు రాస్తారు?" అన్నాడు. గది ఇచ్చినవాడి మనవడు, జవాబు రాసిపెట్టండి బాబూ అని ఎదురు కార్డు పంపుకోవాలా? పంపలేదు. ఇప్పటికీ పంపను.

ఇక ప్రయాణం. మాచర్లలో బస్టాండుకు వెళ్ళి కార్తీక సోమవారానికి శ్రీశైలం బస్సులో రెండు సీట్లు ముందుగా దొరుకుతాయా అని అడిగాను. కిటికీ లోపలి మనిషి తల ఎత్తకుండానే, "ఎక్కినోళ్ళకి సీటు, ఎక్కలేనోళ్ళకి తర్వాత బస్సు" అన్నాడు. యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా ఆ ఘాట్ రోడ్డంతా చూపు తగ్గిన మనిషిని నిలబెట్టి తీసుకెళ్ళడం కుదిరే పని కాదు. సర్కారు ఉద్యోగులకైతే ప్రయాణ ఖర్చులు వెనక్కి వస్తాయి. వ్యాపారస్తులకు తెలిసినవాళ్ళుంటారు. ఏ ఆసరా లేకుండా పద్ధతిగా వెళ్ళి అడిగేవాడికి మాత్రం ఈ దేశంలో ఒక సీటు దొరకదు.

చివరికి దాచేపల్లిలో ఒక మెకానిక్ సాయిబు సంగతి తెలిసింది. సిమెంటు ఫ్యాక్టరీ కూలీలను షిఫ్టులకు తీసుకెళ్ళే బస్సు అతనిది. బట్టీ మరమ్మతుకని ఫ్యాక్టరీ ఆపేసినప్పుడల్లా బస్సు ఊరికే ఉంటుంది కాబట్టి యాత్రలకు తోలుతాడు. ధర ఎవరికన్నా తక్కువ. అతని షెడ్డుకు వెళ్ళాను. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"రెండు సీట్లు కావాలి. ముందు వరసలో."

"రెండేంది బాబుగారూ, మీ ఊరి నుంచి పది మందిని తోలుకురండి, పదకొండో సీటు ఊరికే. ఇరవై మందైతే మీ ఇద్దరికీ పైసా లేదు."

"మనుషుల్ని పోగేసే పని మాది కాదు."

"మీరు తిరగొద్దు. మీ పేరు చెప్పుకొని మా పిల్లోడు తిరుగుతాడు. అయ్యగారే పోతన్నారంటే ఊరంతా ఎక్కుద్ది."

"మా పేరు బస్సు టిక్కెట్ల మీద అమ్ముకోవడానికి లేదు."

రెండు సీట్లకూ పూర్తి డబ్బు ఇచ్చి వచ్చాను. ఇంటికి వచ్చి జరిగింది చెబితే అత్త నెత్తి కొట్టుకుంది.

"పదిమంది దొరక్కా? ఏడుపు కాకపోతే ఏంది! చాకలి వీధికి పోయి నిలబడితే అయిదు నిమిషాల పని."

"మనింటి మనిషి వీధివీధికీ తిరిగి బస్సుకు జనాన్ని పోగు చేస్తుందా?"

"తిరిగితే అరిగిపోతానా?"

మరునాడు కర్ర పట్టుకుని బయలుదేరింది. మధ్యాహ్నానికల్లా ఇరవై మంది తేలారు. ఒకప్పుడు మా అరుగు ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన ఇళ్ళవాళ్ళే అందరూ. ఆవిడే మనిషిని పంపి నా డబ్బు వెనక్కి తెప్పించింది. నేను ముట్టుకోనంటే, ఆ డబ్బుతో అందరికీ దారి కోసం పులిహోర కలిపించింది.

ఆ బస్సు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. సీట్ల సందుల్లో సిమెంటు పొడి. గంజి పెట్టిన పంచె మోకాళ్ళ దాకా బూడిదరంగుకు తిరిగింది. నేను ఎక్కగానే వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"అయ్యగారు మన బస్సెక్కారేందే?"

"ఆయనదే అనుకొని ఎక్కుంటారులే!"

బస్సంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది మా అత్త.

ఆదివారం పొద్దువాలే వేళకు శ్రీశైలం చేరాం. తక్కినవాళ్ళు వసతి వెతుక్కుంటూ ఆరుబయలు చాపలు పరుచుకుంటుంటే, నేను అత్తను చేయి పట్టుకుని సత్రం ఆఫీసుకు తీసుకెళ్ళాను. మా ఊరి ఆడవాళ్ళు కొందరు వెంట వచ్చారు. మా గది చూడాలని వాళ్ళ సరదా.

గుమాస్తాకు మా తాతగారి పేరు చెప్పాను. మనవణ్ణని చెప్పాను. మూడు రోజులు అవసరం లేదు, ఒక్క రాత్రి చాలన్నాను.

"కార్తీక సోమవారానికి ఎవరి హక్కూ చెల్లదండీ, ముందుగా రాసుకున్నవాళ్ళకు తప్ప."

"రాశాను. రెండుసార్లు."

"అందరూ రాశామనే అంటారండీ. అసలు మీది ఏ గది?"

చెప్పాను. అతను కాస్త ఆలోచించి, "ఆ గదికి హక్కే లేదు కదండీ. వెళ్ళి రాయి చూసుకోండి" అన్నాడు. కటువుగా అనలేదు. రోజుకు వందసార్లు చెప్పే మాట చెప్పినట్టు అన్నాడు. అదే నాకు మరీ మండింది.

వరండా వెంట నడిచాం. ప్రతి తలుపు పైనా ఒక పలక. ప్రతి పలక మీదా దాత పేరు, కింద ఒకే వాక్యం: దాత వంశీకులకు ఏటా మూడు దినములు ఉచిత వసతి. మా తలుపు దగ్గరకు వచ్చాం. తాతగారి పేరు అందరికంటే పెద్ద అక్షరాల్లో ఉంది. కింద వాక్యం మాత్రం వేరు.

"ఏం రాశార్రా?" అంది అత్త. అక్షరాలు ఆవిడకు ఆనడం లేదు.

పైకి చదివాను. "ఏ హక్కునూ కోరక, ఏ ప్రతిఫలమూ ఆశించక సమర్పించినది."

ఆ వాక్యంలో తాతగారి గొంతు వినిపించింది. మూడు రోజుల వసతి రాయించుకోమని సత్రం వాళ్ళు అడిగి ఉంటారు. ఇచ్చి మళ్ళీ పుచ్చుకోవడమా అని ఆయన కసిరి ఉంటారు. అలాంటి మనిషే ఆయన. నా వరకు ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. కానీ తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. లోపల ఎవరో పిల్లల గొంతులు.

 అత్త మెల్లిగా అడిగింది.

"ఎవుర్నడిగి వద్దన్నాడ్రా మీ తాత?"

"దానం చేశాక మళ్ళీ హక్కేంటత్తా? పెద్దరికంగా వద్దన్నారు."

"దానం చేసింది నేను. వద్దంది ఆయన."

 గుమాస్తా దగ్గరకు తిరిగి వెళ్ళి పెద్దలెవరైనా ఉంటే పిలవమన్నాను. కమిటీ వాళ్ళు పండగలయ్యాక గానీ రారన్నాడు. గది ఎవరికిచ్చారని అడిగాను. నరసరావుపేట మిర్చి వ్యాపారికి. వాళ్ళూ ఇదే వరసలో ఒక గది ఇచ్చారు, అది మరమ్మతులో ఉంటే దీన్నిచ్చారు. వాళ్ళకు హక్కు ఉంది మరి. పైగా జవాబు కార్డు జత చేసి రాశారట.

డబ్బిచ్చి ఇంకెక్కడన్నా మంచి గది చూస్తానని అత్తతో అన్నాను. ఆ రోజు శ్రీశైలంలో డబ్బుకు కూడా గది లేదని ఇద్దరికీ తెలుసు.

"నేను గది కోసం రాలా. ఈ గది కోసం వచ్చా" అంటూ తలుపు కొట్టబోయింది. నేను చేయి పట్టుకున్నాను.

"మన గది తలుపు మనమే కొట్టి, చోటివ్వమని వేరేవాళ్ళని అడుక్కుంటామా? నలుగురూ చూస్తున్నారు."

"నీ పరువుని ఈ వరండాలో పడుకోబెట్టు. నేను లోపల పడుకుంటా."

తలుపు తీసింది వ్యాపారి భార్య. చంకలో బిడ్డ.

"ఎవరు కావాలి పెద్దమ్మా?"

"ఎవురూ కాదు తల్లీ. ముసలిదాన్ని, ఈ పూట యాడా చోటు దొరకలా. ఓ మూల నడుం వాలుస్తా."

ఇది మా గది అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అత్త వెనక్కి తిరిగి, "ఏం అనమాక" అంది, చిన్నప్పుడు నన్ను అదిలించినట్టు. ఆ ఇల్లాలు లోపలికి చూసి, "ఏమండీ, ఆ పెట్టె కాస్త అవతలికి జరపండి, పెద్దమ్మకి చోటు కావాలి" అంది. అత్త చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళింది. నన్ను కూడా రమ్మన్నారు. అక్కర్లేదన్నాను.

రాత్రి బస్సులో గడిపి తెల్లారి నేను వచ్చేసరికి ఆవిడ స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఆ బిడ్డను ఒళ్ళో వేసుకుని గడప మీద కూర్చుని ఉంది.

"నిద్ర పట్టిందా?"

"యాడ? ఆ వ్యాపారి గురక పెడితే మన దాచేపల్లి బస్సే నయం. గది మాత్రం చానా చల్లగా ఉందిరా. చీకట్లో చూడలేక గోడలు తడుముకున్నా. గట్టిగా కట్టారు."

"ఎవరి గదో చెప్పావా వాళ్ళకి?"

"దేనికి? చెబితే పాపం మంచం ఇచ్చి వాళ్ళు కింద పడుకునేవాళ్ళు."

బయలుదేరే ముందు మళ్ళీ గుమాస్తా దగ్గరకు వెళ్ళాను. ఇప్పుడైనా ఆ మూడు రోజులు రాసిపెట్టడానికి వీలుంటుందా అని అడిగాను. దరఖాస్తు పెట్టుకుంటే కమిటీ చూస్తుందన్నాడు. తాతగారు వద్దని రాతిలో చెక్కించిన దాని కోసం నేను దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు పెట్టావా అని అత్త ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. పెట్టలేదు.

అత్తకు నా దరఖాస్తు అవసరం పడలేదు. ఆ నరసరావుపేట ఇల్లాలు మరుసటి ఏడు కబురు పంపింది, కార్తీకానికి వెళుతున్నాం, పెద్దమ్మ కూడా రావాలని. వాళ్ళ గది బాగుపడ్డాక కూడా, మొదట పడుకున్న గదే తనకు బాగుందని అత్త అంటే, ఆవిడ కోసం మా గదే అడిగి తీసుకునేవారు. అలా వాళ్ళ హక్కులోని మూడు రోజుల్లో, వాళ్ళ చుట్టంగా, మా అత్త తన గదిలో పడుకుని వచ్చేది. ప్రతిసారీ నన్ను కూడా రమ్మని పిలిచింది. ప్రతిసారీ నాకేదో పని ఉందన్నాను. ఆ గది లోపలి గోడలకు ఏ రంగు వేశారో నాకు తెలియదు.