మరియమ్మను ఇంట్లో కూర్చోబెట్టిన యాప్

రైతులను, కూలీలను ఫోన్‌లో కలిపే యాప్ ఒకటి విజయవాడలో మేం నలుగురం తయారు చేస్తున్నాం. ఇంకా నమూనా దశలోనే ఉంది. పత్తి వేగంగా తీసేవాళ్ల పేర్లు పైన, మిగతావాళ్లవి కింద పెడదామన్నది నేనే. ఆ నిర్ణయానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. వత్సవాయి దగ్గర ఒక కూలీల ముఠాకి ఇచ్చి చూస్తే, రెండో వారానికే వాళ్లు నా ఫోన్ ఎత్తడం మానేశారు. అందుకే బయల్దేరాను.

ఐదింటి బస్సెక్కి, నందిగామలో టీ తాగి, ఏడు దాటాక జగ్గయ్యపేటలో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. "చేలోకి ఈ బూట్లతోనా అండీ?" అని డ్రైవర్ నవ్వాడు. మొన్నటి వానకి బురదైన నల్లరేగడిలో నాలుగడుగులు వేశాక ఎందుకు నవ్వాడో తెలిసింది.

ముఠా మేస్త్రి సుజాతమ్మ నన్ను చూసి కూడా పని ఆపలేదు. వెనక సాలులో పెద్దావిడ మరియమ్మ మెల్లగా తీస్తోంది. అటుగా వెళ్లినవాళ్లంతా ఆవిడ నడుముకి కట్టుకున్న సంచిలో తలో గుప్పెడు పత్తి వేస్తున్నారు. ఇది నేను యాప్ ఇవ్వడానికి వచ్చినప్పుడే చూశాను. లెక్క చెడిపోతుందని, ఎవరిది వాళ్లే తూయించాలని అప్పుడు ఆపించింది కూడా నేనే.

"మీ ఫోన్ చూసి రైతు పైన ఉన్న ఆరుగుర్నే రమ్మన్నాడండి. ఆవిడ నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చుంది," అంది సుజాతమ్మ. "నేను బాలింతగా పనిలోకొచ్చినప్పుడు నా సంచి నింపింది ఆవిడే. అది మీ ఫోన్‌లో ఎక్కడ రాస్తారు?"

ఇంతలో మరియమ్మ భయంభయంగా అడిగింది: "ఇప్పుడు వీళ్లు నా సంచిలో వేస్తే మీకేం ఇబ్బంది లేదుగా బాబూ?"

అక్కడే గట్టు మీద నుంచి మావాళ్లకి ఫోన్ చేసి ఆ పేర్ల వరస తీయించేశాను. ఇకపై ముఠా అంతటికీ ఒకటే పేరు. తర్వాత నేనూ సంచి కట్టుకుని ఓ సాలు పట్టాను. అరగంటకే అందరికన్నా వెనకబడ్డాను. మరియమ్మ వెనక్కొచ్చి ఓ గుప్పెడు నా సంచిలో వేసి వెళ్లింది.

దీనివల్ల ఎవరి పని పోతుందని మొదటిరోజే అడగాల్సింది. మా నలుగురిలో ఒక్కరమూ అడగలేదు. నేనైతే వాళ్లు చేసే సాయం కళ్లారా చూసి కూడా అడ్డుపడ్డాను. తిరుగు బస్సులో ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

ఇలాంటి పని మీద ఇటు వచ్చేవాళ్లు ఎనిమిదికల్లా చేలో ఉండండి, బూట్లు వద్దు. ముందు ఓ పూట సాలు పట్టండి. ఫోన్ తర్వాత తీయొచ్చు.