ఈరన్న రంగునీళ్లు, నా అద్దాల తొట్టి

మూడేళ్ల కిందట, ఎండాకాలం. గద్వాలలో సోలార్ వాటర్ హీటర్లు బిగించే నన్ను రాజోలిలో పట్టుకు, నూలుకు రంగులద్దే ఈరన్న పిలిపించాడు. అద్దకం అయ్యాక అతను పారబోసే నీళ్లు పక్కింటి శంకరమ్మ పెరట్లోకి పోతున్నాయి. ఆమె పంచాయితీ పెట్టింది. వారంలోగా ఆ నీళ్లు ఆగాలి, లేదంటే అద్దకం బంద్. ఈరన్నకు తెలిసింది ఆ ఒక్క పనే.

సోలార్ స్టిల్ పెడదామన్నాను. పేరు పెద్దదే గాని, ఉన్నది ఒక నల్ల తొట్టి, దానిపైన ఏటవాలు అద్దం. ఎండకు నీళ్లు ఆవిరై, అద్దానికి చెమ్మగా పట్టి, అంచున ఉన్న సన్నని కాలువలోకి జారతాయి. రంగు, ఉప్పు అడుగునే ఉండిపోతాయి. వచ్చిన నీళ్లు తాగడానికి కాదు, మళ్లీ అద్దకానికే. మిద్దె మీద నాలుగు తొట్లు బిగించి, ఈరన్నకు అరగంట సైన్సు పాఠం చెప్పి, గొప్పగా బండెక్కాను.

రెండో రోజే ఫోన్. "సార్, జర జల్ది రా. నీళ్లు ఎర్రగొస్తున్నయ్."

నేను వెళ్లేసరికి శంకరమ్మ మిద్దె మీదే ఉంది. "గిందుకేనా గిన్ని అద్దాలు? గీ నీళ్లు మా బోర్ల దిగితే మా పిల్లలు ఏం తాగాలె?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? నాకు తల కొట్టేసినట్టయింది.

అతుకులన్నీ వెతికాను. ఎక్కడా లీకు లేదు. చివరికి తొట్లోకి చూస్తే అంచుదాకా నీళ్లు! రంగునీళ్లే పొంగి కాలువలో పడుతున్నాయి.

"నిండ పోస్తే నిండ వస్తయనుకున్న సార్," అన్నాడు ఈరన్న.

లోతు ఎక్కువైతే నీళ్లు వేడెక్కవు. రెండు వేళ్ల లోతు చాలు. పాఠమంతా చెప్పి ఆ ఒక్కటే మరిచాను. తొట్లు కడిగించి, తొట్టి గోడకు గీత గీశాను. తొట్లలో పట్టక మిగిలే నీళ్లకు డ్రమ్ము పెట్టించాను.

మర్నాడు మధ్యాహ్నానికి తేటనీళ్లు వచ్చాయి. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు ముంచి శంకరమ్మకు చూపించాను.

"గా డబ్బా ఏం జెప్తదో నాకు తెల్వదు," అంది.

ఈరన్న ఇంకా రంగు వేయని తెల్లటి పట్టు చిలప, అంటే పట్టుపోగుల చుట్ట, ఒకటి తెచ్చి ఆ నీళ్లలో వేశాడు. గంట తర్వాత పిండి ఆమె చేతిలో పెట్టాడు. "పట్టు రంగును దాయదు, వదినా. జరంత ఉన్నా పట్టుకుంటది. చూడు."

ఆమె చిలపను ఎండలో విప్పి, పోగు పోగూ తిప్పి చూసింది. ఎక్కడా రంగు జాడ లేదు.

"అద్దకం పొయ్యి ముట్టియ్యి, ఈరన్నా," అంది.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇప్పుడు ఎవరింట్లో తొట్టి బిగించినా మీటరు సంచిలోనే ఉంచుతాను. నీళ్లు బాగున్నాయని మీకెలా తెలుస్తుందని ముందు వాళ్లనే అడుగుతాను.